ఇరవై లోపు

ఎస్కిల్ కొట్టు బల్ల మీద నాలుగు పెట్టాడు.
ఒకటి పసుపు, ఒకటి నలుపు,
ఒకటి అరచేతిలో ఇమిడే బూడిదరంగుది.
నాలుగోదానికి సూదులే లేవు, ఆనిస్తే చాలట.
"ఇది బల్లలకీ తలుపులకీ.
గరుకు కట్టెకి సరిగా ఆనదు, అబద్ధం చెబుతుంది"
అని కాగితం మీద రాసి చూపించాడు.
నాతో మాట్లాడాలంటే ఇప్పుడు ఎవరైనా రాయాల్సిందే.
మంచి కుర్రాడు. దస్తూరీ మాత్రం కోడి గీరినట్టుంటుంది.

యాభై ఏళ్లు నాకు ఏ మీటరూ లేదు.
రెండు చీలికలు తీసి ఒకదానితో ఒకటి కొట్టేవాణ్ణి.
ఎండినదైతే ఖణేల్.
పచ్చిదైతే బియ్యం మూట మీద గుద్దినట్టు దబ్.
ఆ రెంటికీ మధ్య ఇంకో పదకొండు చప్పుళ్లున్నాయి,
వాటికి పేర్లు లేవు, నాకు తెలుసు, అంతే.
మార్చిలో నరికిన బర్చ్ ఆగస్టులో ఎలా పలుకుతుందో,
బెరడు విప్పని కొమ్మ చెమ్మని ఎక్కడ దాచుకుంటుందో.
గ్లోమ్మా ఒడ్డున ఏ ఇంటివాళ్లూ
నా కట్టెని మళ్లీ తట్టి చూసుకోలేదు.

చెవులు ఒక్కసారిగా పోలేదు.
ముందు పిట్టలు పోయాయి,
తర్వాత కెటిల్ ఈల,
తర్వాత మా ఆవిడ సణుగుడు.
(దానికి నేనేమీ బాధపడలేదని ఆవిడ అంటుంది,
అనుకుంటాను.)
కట్టె చప్పుడు మిగిలిందనుకున్నాను.
చేతికి అంత అలవాటైన చోట
వినకపోయినా విన్నట్టే ఉంటుంది.
కొట్టగానే ఖణేల్మనేది
ఎక్కడో, నా లోపలే.

కిందటి జనవరి. మైనస్ ముప్పై ఒకటి.
బోర్గిల్ ఇంటి పొగగొట్టం అంటుకుంది.
పచ్చికట్టె ఏడిస్తే ఆ ఏడుపు ఎక్కడికీ పోదు,
గొట్టం గోడలకి తారై పేరుకుంటుంది,
ఒక రాత్రి బాకీ అంతా కలిపి అడుగుతుంది.
కప్పు నిలిచింది. పిల్లినీ కోటునీ పట్టుకుని
ఆమె మంచులో నిలబడి ఉంది, నేను వెళ్లేసరికి.
ఎవరూ నన్నేమీ అనలేదు.
అన్నారేమో.
రెండు వారాలకి ఆమె దగ్గర్నుంచి చీటీ:
ఎప్పటిలాగే పన్నెండు బస్తాలు.
తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి.

పసుపుది ఇరవై దాటితే బీప్‌మంటుందని ఎస్కిల్ రాశాడు.
రాశాక తనే చదువుకుని చెవులదాకా ఎర్రబడ్డాడు.
నల్లది ఫోనుతో మాట్లాడుతుందట.
దానికైనా ఒకరున్నారు.
బూడిదరంగుదానికి పెద్ద పెద్ద అంకెలు,
మూత వెనక రెండు సూదులు అదనం,
బర్చ్‌కీ పైన్‌కీ వేరే వేరే మీటలు.
"చివర గుచ్చొద్దు. అప్పుడే చీల్చిన ముఖం మీద, నడిమధ్య.
చలికి గడ్డకట్టిన కట్టె
ఎండినట్టు నటిస్తుంది, ముందు ఇంట్లోకి తెచ్చి ఉంచు."
ఇది నాకు కొత్త.
నటించే కట్టె గురించి నాకెవరూ చెప్పలేదు,
నా గురించి చెప్పనట్టే.
మూడువందల నలభై తొమ్మిది క్రోనర్లు. ఇచ్చాను.

పదిహేడు. పద్దెనిమిది. పదహారు.
అంకె వచ్చిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో రాశాను.
ఇరవై నాలుగు.
దీన్ని పట్టుకుని పాతపద్ధతిలో కొట్టాను.
ఖణేల్.
మళ్లీ కొట్టాను. ఖణేల్.
మీటరు మళ్లీ గుచ్చాను. ఇరవై నాలుగు.
దాన్ని పక్కన పెట్టడానికి
ఒక మనిషిని పక్కన పెట్టినంత సేపు పట్టింది.

శనివారం బోర్గిల్ ఇంటికి బస్తాలు దింపాను.
సుద్ద అంకెలు చూసింది, బొటనవేలితో ఒకటి చెరిపింది.
తర్వాత రెండు చీలికలు తీసి
నా కళ్లముందే ఒకదానితో ఒకటి కొట్టింది,
యాభై ఏళ్లలో మొదటిసారి.
తల వంచి వింది.
నావైపు చూసి ఏదో అంది.
జేబులో కాగితం ఉంది. పెన్సిలుంది.
నేను తియ్యలేదు.